తూకం రాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయి?

2024 ఏప్రిల్ 7, ఆదివారం. న్యూజెర్సీలో మా అక్క కొడుకు ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం టి.వి. ముందు చేరాం. అమెరికా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడిపోని సౌత్ కరోలినా జట్టు, మరోవైపు కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఆడుతున్న అయోవా జట్టు. నాకు ఆ ఆటలోని మెలకువలు తెలియవు. కానీ ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు అంత ధీమాగా, అంత వేగంగా పరుగెత్తడం చూస్తుంటే కళ్ళు తిప్పుకోవాలనిపించలేదు. మా వాడి కూతురికి పన్నెండేళ్ళు. స్కూలు జట్టులో ఆడుతుంది. నేలమీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ఇంతలో మా వాడి స్నేహితుడు, మంచివాడే, చదువుకున్నవాడే, సోఫాలో వెనక్కి వాలి అన్నాడు: "ఇదంతా ఊరికే ఎత్తిపెట్టడం పిన్నిగారూ. అసలు వీళ్ళెంత గొప్పగా ఆడతారని? ఏదైనా హైస్కూలు మగపిల్లల జట్టుతో ఆడించండి, గంటలో తేలిపోతుంది." మా వాడు నవ్వాడు. పిల్ల నవ్వలేదు. కాసేపటికి లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.

ఆ మాటకు అప్పటికప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను. కారణం ఆ మాటలో నిజం ఉండటం కాదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియకపోవడం. ఇండియాకు తిరిగొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. కాస్త చదివాను, ఆ పిల్లనే అడిగి కొంత తెలుసుకున్నాను. ఇప్పుడు చెప్పదలచుకున్నాను. ఆ స్నేహితుడికే కాదు, అలాంటి మాటలు విని లేచి మేడ మీదికి వెళ్ళిపోయే పిల్లలందరికీ.

రెండు ప్రశ్నలను ఒకటి చేయడం

ముందుగా ఒక సంగతి ఒప్పుకుందాం. అమెరికాలో ఎన్.బి.ఎ. అనే మగవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగు ఉంది. డబ్ల్యు.ఎన్.బి.ఎ. అనే ఆడవాళ్ళ లీగు ఉంది. ఈ రెండింటి జట్లనూ ఎదురెదురుగా నిలబెడితే మగవాళ్ళ జట్టే గెలుస్తుంది. వాళ్ళు పొడుగు, బరువు, ఎక్కువ ఎత్తు ఎగరగలరు. పది అడుగుల ఎత్తున రింగు కట్టిన ఆటలో అది చిన్న సంగతి కాదు. దీన్ని ఏ క్రీడాకారిణీ కాదనడం లేదు. అక్కడ ఆడవాళ్ళ జట్లు సాధనకు మగ కుర్రాళ్ళను పిలిపించుకుని వాళ్ళతో తలపడటం మామూలే.

అయితే "ఎవరు ఎవరిని ఓడిస్తారు" అనేది ఒక ప్రశ్న. "ఎవరు ఎంత బాగా ఆడతారు" అనేది వేరే ప్రశ్న. బాక్సింగులో 50 కిలోల వీరుణ్ణి 90 కిలోల వాడి ముందు నిలబెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అంతమాత్రాన 50 కిలోల వీరుడికి పతకం ఇవ్వొద్దని ఎవరైనా అన్నారా? అతని పాదాల కదలికను, అతని దెబ్బ సూటిని, అతని ధైర్యాన్ని అతని తూకంలోనే చూస్తాం. మగవాళ్ళ మధ్య ఇంత సులభంగా అర్థమయ్యే న్యాయం, ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎందుకు అర్థం కాకుండా పోతుంది?

ఇంకో సంగతి గమనించండి. ఈ "అసలెంత గొప్ప" అనే ప్రశ్న ఊరికే పుట్టదు. దానికొక వేళ ఉంటుంది. ఆడవాళ్ళ ఆటకు జనం రానంతకాలం ఎవరూ ఈ ప్రశ్న అడగరు. అవసరం లేదు గనక. జనం వచ్చినప్పుడు, టి.వి. వాళ్ళు వచ్చినప్పుడు, డబ్బు మాట వచ్చినప్పుడు ఈ ప్రశ్న బయటికొస్తుంది. ఆ ఆదివారం నాటి ఫైనల్‌ను అమెరికాలో 1.8 కోట్ల మందికి పైగా చూశారు. మర్నాడు జరిగిన మగపిల్లల ఫైనల్‌ను చూసింది 1.5 కోట్ల లోపే. ఆడపిల్లల ఫైనల్‌కు మగపిల్లల ఫైనల్ కంటే ఎక్కువ మంది ప్రేక్షకులు రావడం అదే మొదటిసారి. సరిగ్గా ఆ రోజునే మన సోఫా మీది పెద్దమనిషికి వీళ్ళ గొప్పతనాన్ని తూకం వేయాలనిపించింది.

కాళ్ళు కట్టేసి పరుగెత్తమనడం

తూకం వేయడానికి మాకేమీ అభ్యంతరం లేదు. కానీ తూకం రాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో, తక్కెడ ఎవరు పట్టుకున్నారో చూడకుండా లెక్క ఒప్పుకోం.

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 చివర్లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. ఏడాది తిరక్కుండానే అక్కడికి దగ్గర్లో ఉన్న స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే అధ్యాపకురాలు తన విద్యార్థినులకు ఆ ఆట నేర్పింది. అంటే ఆడవాళ్ళు ఈ ఆటలోకి నిన్నో మొన్నో వచ్చినవాళ్ళు కాదు. ఆట ఎంత పాతదో వాళ్ళూ దాదాపు అంత పాతవాళ్ళే. కానీ స్త్రీలు అలిసిపోతారనీ, సుకుమారం చెడుతుందనీ ఆ రోజుల్లో ఉన్న భయాలకు తగ్గట్టు నియమాలు మార్చారు. మైదానాన్ని మూడు భాగాలు చేశారు. ఎవరి భాగం వాళ్ళు దాటకూడదు. ఎదుటివాళ్ళ చేతిలోంచి బంతి లాక్కోకూడదు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటే పొరపాటు. కెయిట్లిన్ క్లార్క్ పుట్టి పెరిగిన అయోవా రాష్ట్రంలోనే హైస్కూలు ఆడపిల్లలు 1993 దాకా ఒక రకం సగం ఆట ఆడారు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. మధ్య గీత దాటకూడదు. బంతిని రెండుసార్లకు మించి నేలకేసి కొట్టకూడదు. బంతి వేసేవాళ్ళు ఎప్పుడూ వేస్తూనే ఉండాలి, అడ్డుకునేవాళ్ళు ఎప్పుడూ అడ్డుకుంటూనే ఉండాలి. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సగం ఆటనే అయోవా ఊళ్ళకు ఊళ్ళు ప్రేమించాయి. హాళ్ళు నింపేశాయి. జనం ఆడవాళ్ళ ఆట చూడరన్న మాట ఆనాడే అబద్ధం. కానీ తరాల తరబడి ఆడపిల్లలను గీతకు ఇవతలే నిలబెట్టి, ఆ తర్వాత "వీళ్ళు మగవాళ్ళలాగా మైదానమంతా పరుగెత్తలేరేం?" అని అడగడం న్యాయమేనా?

బేస్‌బాల్ సంగతి ఇంకా ఘోరం. బాస్కెట్‌బాల్‌లో సగం తలుపు తీసి ఉంచారు. బేస్‌బాల్‌లో గడియే పెట్టారు.

1931 ఏప్రిల్ 2న టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగా పట్టణంలో ఒక ప్రదర్శన ఆట జరిగింది. న్యూయార్క్ యాంకీస్ వచ్చి ఆడారు. స్థానిక జట్టు తరఫున జాకీ మిచెల్ అనే పదిహేడేళ్ళ ఎడమచేతి వాటం పిల్ల బంతి విసిరింది. బేబ్ రూత్‌ను అవుట్ చేసింది. తర్వాత వచ్చిన లూ గెరిగ్‌నూ అవుట్ చేసింది. మన లెక్కలో చెప్పాలంటే ఊరి జట్టు పిల్ల ఒకే ఓవర్లో బ్రాడ్‌మన్ స్థాయి వాళ్ళిద్దరిని వెనక్కి పంపినట్టు. అది నిజమైన ఆటా, జనాన్ని రప్పించడానికి ముందే మాట్లాడుకున్న నాటకమా అని తొంభై ఏళ్ళు దాటినా ఇంకా వాదిస్తూనే ఉన్నారు. బేబ్ రూత్ తన ఆట జీవితంలో వెయ్యిసార్లకు పైగా అలాగే అవుటయ్యాడు. మిగతా ఏ ఒక్కదాని మీదా ఇంత విచారణ జరగలేదు. ఆడపిల్ల ఓడితే అది ఆమె అసలు స్థాయి. గెలిస్తే నాటకం. ఇదీ తక్కెడ!

1952లో హారిస్‌బర్గ్ జట్టు ఎలినార్ ఎంగిల్ అనే ఆమెతో ఒప్పందం చేసుకుంది. ఆమె మైదానంలో దిగి ఒక్క ఆటైనా ఆడలేదు. ఆమె ఎంత బాగా ఆడుతుందో చూసినవాళ్ళు లేరు. అయినా రోజుల్లోనే ఆ ఒప్పందం చెల్లదన్నారు. ఇకముందు ఏ క్లబ్బూ ఆడవాళ్ళతో ఒప్పందం చేసుకోరాదని బేస్‌బాల్ పెద్దలు తీర్మానించారు. ప్రతిభ లేదు కాబట్టి తలుపు మూశామంటారు గదా, ఇక్కడ ప్రతిభను చూడకముందే మూశారు.

ఇక హోబోకెన్ కథ. మా వాడి ఇంటినుంచి కారులో వెళ్తే అట్టే దూరం కూడా లేదు. 1972లో ఆ ఊళ్ళో మరియా పెపె అనే పన్నెండేళ్ళ పిల్ల లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ జట్టులో బంతి విసిరేది. మూడు ఆటలు ఆడింది. ఆ పిల్లను తీసేయకపోతే ఊరి జట్టుకే గుర్తింపు రద్దు చేస్తామని పైనుంచి బెదిరింపు వచ్చింది. అమెరికాలోని జాతీయ మహిళా సంస్థ ఆమె తరఫున ఫిర్యాదు చేసింది. ఆడపిల్లల ఎముకలు బలహీనమనీ, దెబ్బలు తగులుతాయనీ లిటిల్ లీగ్ వాళ్ళు శాస్త్రం వల్లించారు. 1973లో న్యూజెర్సీలో విచారణ జరిపిన సిల్వియా ప్రెస్లర్ ఆ వాదనలను కొట్టేశారు. 1974లో లిటిల్ లీగ్ దేశమంతటా ఆడపిల్లలకు తలుపు తీయక తప్పలేదు. అప్పటికి మరియాకు వయసు దాటిపోయింది. ఆమె గెలిచిన హక్కుతో ఆమె ఆడలేకపోయింది. నలభై ఏళ్ళ తర్వాత 2014లో ఫిలడెల్ఫియాకు చెందిన మోనే డేవిస్ అనే పదమూడేళ్ళ పిల్ల లిటిల్ లీగ్ ప్రపంచ పోటీల్లో ఎదుటి మగపిల్లల జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ఆట గెలిచింది. బలహీనమైన ఎముకలు ఎక్కడికి పోయాయో మరి!

లిప్‌స్టిక్ వేసుకుని బంతి పట్టాలి

మధ్యలో ఒక్కసారి, యుద్ధం పుణ్యమా అని తలుపు తెరుచుకుంది. మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతే మైదానాలు ఖాళీ అవుతాయన్న భయంతో 1943లో చూయింగ్‌గమ్ కంపెనీ యజమాని ఫిలిప్ రిగ్లీ ఆడవాళ్ళ బేస్‌బాల్ లీగు పెట్టాడు. 1954 దాకా నడిచింది. ఆరు వందల మందికి పైగా స్త్రీలు ఆడారు. 1948లో తొమ్మిది లక్షల మందికి పైగా టిక్కెట్టు కొని చూశారు. కానీ ఆడేవాళ్ళు పొట్టి గౌను వేసుకోవాలి. లిప్‌స్టిక్ తప్పనిసరి. ప్యాంటు వేసుకుని బయట కనబడితే తప్పు. మొదట్లో నడకా, కూర్చునే తీరూ నేర్పే తరగతులు కూడా పెట్టారు. ఆ గౌనుతోనే నేల మీద జారుతూ వికెట్ల మధ్య మన క్రికెటర్లు దూకినట్టు దూకాలి. తొడలు గీరుకుపోయి రక్తం కారేది. బాగా ఆడితే చాలదు, అందంగా కూడా కనబడాలి. ఇదీ షరతు. మగవాళ్ళలో ఎవరినైనా ఇలా తూచారా?

ఆ లీగు కూడా తెల్లవాళ్ళకే. నల్లజాతి స్త్రీకి అందులో చోటు లేదు. మేమీ జాన్సన్ అనే ఆమె ఎంపికలకు వెళ్తే చూడను కూడా చూడకుండా తిప్పి పంపారు. ఆమె, టోనీ స్టోన్, కోనీ మోర్గన్, ఈ ముగ్గురూ 1950లలో నల్లజాతి మగవాళ్ళ లీగుల్లో, మగవాళ్ళతో కలిసి ఆడారు. టోనీ స్టోన్ ఇండియానాపొలిస్ క్లౌన్స్ జట్టులో చేరింది 1953లో. అంతకు ముందు ఏడాదే ఆ జట్టులో ఆడి వెళ్ళిన కుర్రవాడు హెన్రీ ఆరన్. తర్వాత బేబ్ రూత్ హోమ్‌రన్‌ల రికార్డును దాటినవాడు. అలాంటివాళ్ళు ఆడిన చోట ఆడిన స్త్రీ పేరు ఎంతమందికి తెలుసు?

ఈ ప్రశ్న ఇంతకు ముందు ఎవరిని అడిగారు?

"అసలు వీళ్ళెంత గొప్ప?" అనే ప్రశ్నను అమెరికాలో ముందు అడిగింది నల్లవాళ్ళ గురించి. పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచి 1947 దాకా పెద్ద లీగుల్లో నల్లజాతివాళ్ళను ఆడనివ్వలేదు. వాళ్ళు తమ లీగులు తాము పెట్టుకున్నారు. ఆ ఆటలను పెద్ద లీగుల లెక్కల్లో చేర్చలేదు. "అవి అసలు ఆటలు కావు, ఆ స్థాయి వేరు" అన్నారు. జాష్ గిబ్సన్ అనే మహా బ్యాటర్ 1947 జనవరిలో ముప్పై అయిదేళ్ళకే చనిపోయాడు. మరో మూడు నెలలకు జాకీ రాబిన్‌సన్ పెద్ద లీగులో అడుగు పెట్టాడు. గిబ్సన్‌కు ఆ తలుపు తెరుచుకోలేదు.

2020లో మేజర్ లీగ్ బేస్‌బాల్ తన తప్పు ఒప్పుకుని ఆ నల్లజాతి లీగులనూ పెద్ద లీగులుగా గుర్తించింది. 2024 మేలో వాటి లెక్కలను తన లెక్కల్లో కలిపింది. ఏం జరిగింది? అన్ని తరాలకూ కలిపి బ్యాటింగ్ సగటులో మొదటి స్థానం టై కాబ్ నుంచి జాష్ గిబ్సన్‌కు వచ్చింది. కాబ్‌ది .367, గిబ్సన్‌ది .372. అంటే వెయ్యిసార్లు ఆడితే 372 సార్లు హిట్ కొట్టాడన్నమాట. చనిపోయిన డెబ్బై ఏడేళ్ళకు! అతని ఆట మారలేదు. బంతులు మారలేదు. మారింది తూకం రాయి ఒక్కటే.

ఆడవాళ్ళ లెక్కకూ ఇదే గతి. 2024 ఫిబ్రవరిలో క్లార్క్ కాలేజీ ఆడపిల్లల స్కోరు రికార్డు దాటిందని పండగ చేశారు. కానీ అప్పటికింకా ఆమెకు ముందు లినెట్ వుడార్డ్ ఉంది. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1977 నుంచి 1981 దాకా ఆడి 3,649 పాయింట్లు చేసిన నల్లజాతి స్త్రీ. కాలేజీ ఆటలను నడిపే ఎన్.సి.ఎ.ఎ. ఆడవాళ్ళ పోటీలను తన కిందికి తీసుకున్నది 1981 తర్వాత. అందుకని అంతకు ముందు ఆడవాళ్ళు సొంతంగా నడుపుకున్న పోటీల లెక్క దాని పుస్తకాల్లో లేదు. క్లార్క్ ఆ 3,649ని కూడా దాటింది, సంతోషమే. కానీ దాటడానికి అక్కడొక గీత ఉందని గుర్తు చేయాల్సి వచ్చింది!

న్యూజెర్సీలోనే న్యూఆర్క్ అనే ఊళ్ళో నల్లజాతి జట్టు ఈగల్స్‌ను నడిపిన ఎఫా మాన్లే గురించి కూడా చెప్పుకోవాలి. పెద్ద లీగుల వాళ్ళు నల్లజాతి జట్లనుంచి ఆటగాళ్ళను పైసా ఇవ్వకుండా తీసుకుపోతుంటే, ఊరుకోనని నిలదీసింది ఆమె. 1947లో లారీ డోబీని తీసుకున్నందుకు క్లీవ్‌లాండ్ జట్టు 15,000 డాలర్లు ఇచ్చింది. ప్రతిభ ఉందని ఒప్పుకుని, దాని ధర ఎగ్గొట్టడం అనే విద్యను ఆమె ముందే కనిపెట్టింది. 2006లో ఆమెను బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె.

మార్కెట్ అనే దేవుడు

ఇంతదూరం విన్నాక పెద్దమనుషులు ఇంకో మెట్టు దిగుతారు. "సరేనమ్మా, బాగానే ఆడతారు. కానీ జీతం మార్కెట్టును బట్టి ఉంటుంది. మగవాళ్ళ ఆటకు డబ్బొస్తుంది, ఆడవాళ్ళ ఆటకు రాదు. మేమేం చేస్తాం?"

మగవాళ్ళ చరిత్రే చూద్దాం. 1967లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కనీస వేతనం ఏడాదికి 6,000 డాలర్లు. 2024లో 7 లక్షల 40 వేల డాలర్లు. ధరల పెరుగుదల తీసేసినా ఇది ఎన్నో రెట్లు. ఈ మధ్యలో మగవాళ్ళు అన్ని రెట్లు బాగా ఆడటం నేర్చుకున్నారా? కాదు. సంఘం పెట్టుకున్నారు. ఆటగాణ్ణి జీవితాంతం ఒకే యజమానికి కట్టిపడేసే నిబంధన ఒకటి ఉండేది. కర్ట్ ఫ్లడ్ దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు, ఆట జీవితం పోగొట్టుకున్నాడు. 1975 చివర్లో మధ్యవర్తి తీర్పుతో ఆ నిబంధన విరిగింది. అప్పటినుంచి జీతాలు పెరిగాయి. సమ్మెలు చేశారు. 1994లో సమ్మె వల్ల ఫైనల్ పోటీలే ఆగిపోయాయి. జీతం ప్రతిభను బట్టి వచ్చేదైతే 1950ల నాటి మహా ఆటగాళ్ళు చలికాలంలో వేరే ఉద్యోగాలు ఎందుకు చేసుకున్నారు?

బాస్కెట్‌బాల్ కూడా పుట్టగానే బంగారం కాలేదు. ఎన్.బి.ఎ. 1946లో మొదలైంది. ముప్పై నాలుగేళ్ళ తర్వాత 1980 ఫైనల్స్‌లో మ్యాజిక్ జాన్సన్ ఆడిన చివరి ఆటను అమెరికాలో చాలాచోట్ల టి.వి.లో అప్పటికప్పుడు చూపించనే లేదు. రికార్డు చేసి రాత్రి పొద్దుపోయాక వేశారు. అప్పుడు ఎవరూ "వీళ్ళు గొప్పవాళ్ళు కారు, మూసేయండి" అనలేదు. ఓపిక పట్టారు, పెట్టుబడి పెట్టారు. ఆడవాళ్ళ లీగు 1997లో మొదలైంది. ఆ ఓపికలో సగం వీళ్ళకు దొరికిందా?

2024లో కెయిట్లిన్ క్లార్క్ లీగులోకి మొదటి ఎంపికగా వచ్చింది. మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. అదే ఏడాది మగవాళ్ళ లీగులో మొదటి ఎంపికగా వచ్చిన కుర్రవాడికి కోటి డాలర్లకు పైనే. ఇక్కడే మన స్నేహితుడు "చూశావా, ఆదాయం తేడా" అంటాడు. అందుకే అసలు లెక్క ఇంకొకటి చూడాలి. మగవాళ్ళ లీగు ఆదాయంలో దాదాపు సగం ఒప్పందం ప్రకారం ఆటగాళ్ళకు వెళ్తుంది. ఆడవాళ్ళకు 2020 ఒప్పందం కింద వెళ్ళింది పదో వంతుకు అటూ ఇటూ అని అంచనా. వాళ్ళు అడుగుతున్నది మగవాళ్ళ కోట్లు కాదు. తమ చెమటతో వచ్చిన రూపాయిలో తమ వాటా.

ఆ వాటా దొరక్క వాళ్ళేం చేశారు? చలికాలంలో రష్యాకు, టర్కీకి, చైనాకు వలసపోయి ఆడారు. డయానా తోరాసికి 2015లో రష్యన్ క్లబ్బు అమెరికాలో ఆ ఏడాది ఆడకుండా విశ్రాంతి తీసుకోమని డబ్బిచ్చింది. బ్రియానా స్టూవర్ట్ 2019 ఏప్రిల్‌లో యూరప్‌లో ఆడుతూ మడమ నరం తెంచుకుని అమెరికాలో ఆ సీజనంతా పోగొట్టుకుంది. 2022 ఫిబ్రవరిలో బ్రిట్నీ గ్రైనర్ మాస్కో విమానాశ్రయంలో అరెస్టయింది. సామానులో కొద్దిగా గంజాయి నూనె దొరికిందన్నది నేరం, ఆమె ఒప్పుకుంది కూడా. దానికి తొమ్మిదేళ్ళ శిక్ష వేశారు. డిసెంబరులో ఖైదీల మార్పిడిలో బయటపడింది. తప్పు సంగతి అలా ఉంచండి. ప్రపంచంలోని అత్యుత్తమ క్రీడాకారిణుల్లో ఒకరు ప్రతి చలికాలం రష్యాకు ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది? మన పాలమూరు కూలీ బొంబాయి ఎందుకు వెళ్ళిందో, మన కడప అక్క కువైట్ ఎందుకు వెళ్ళిందో అందుకే.

ఇంకో వింత. న్యూయార్క్ జట్టు యజమానులు 2021లో తమ ఆడవాళ్ళకు ప్రత్యేక విమానాలు ఏర్పాటు చేశారు. నియమాలకు విరుద్ధమని లీగు వాళ్ళకు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆరున్నర అడుగుల మనిషి మామూలు విమానంలో మోకాళ్ళు మడుచుకుని వచ్చి మర్నాడు ఆడాలి. ఆడాక "అసలెంత బాగా ఆడతారు?" అని అడుగుతారు. ప్రత్యేక విమానాలు లీగంతటికీ వచ్చింది 2024లోనే.

2025 జులైలో ఇండియానాపొలిస్‌లో ఆల్‌స్టార్ ఆటకు ముందు ఆ క్రీడాకారిణులంతా ఒకే రకం నల్ల చొక్కాలు వేసుకుని వచ్చారు. మాకు బాకీ ఉన్నది చెల్లించండి అని వాటి మీద రాసి ఉంది. దానం అని లేదు, దయ అని లేదు. బాకీ అని ఉంది. కొత్త ఒప్పందం కోసం ఆ బేరం 2025 చివరికీ తెగలేదు. వాళ్ళకు వచ్చేది ఎంతైనా, అది సంఘంగా నిలబడి తెచ్చుకున్నదే అవుతుంది.

గెలిచినా తప్పే

మగవాళ్ళతో పోల్చాలనే పట్టుబడితే ఒక్క పోలిక చెబుతాను. 2024 ఫిబ్రవరిలో ఎన్.బి.ఎ. వాళ్ళే స్టీఫెన్ కర్రీకి, సబ్రీనా ఐయనెస్కూకి దూరంనుంచి బంతి వేసే పోటీ పెట్టారు. కర్రీని మించిన గురి ఈ ఆట చరిత్రలోనే లేదంటారు. ఆమె మగవాళ్ళ గీత దగ్గర నిలబడే వేసింది, బంతి మాత్రం ఆడవాళ్ళది. కర్రీకి 29, ఆమెకు 26. ఓడిపోయింది. కానీ అదే రాత్రి మగవాళ్ళ పోటీలో విజేత చివరి రౌండులో చేసింది కూడా 26. అయినా వ్యాఖ్యానం చేసే పెద్దమనిషి ఒకాయన, ఆమె ఆడవాళ్ళ గీత దగ్గరినుంచి వేసి ఉండాల్సింది అన్నాడు. ఆడవాళ్ళ గీత దగ్గర వేస్తే "అది దగ్గర" అంటారు. మగవాళ్ళ గీత దగ్గర వేస్తే "నీకెందుకమ్మా" అంటారు.

మన సంగతి

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. నాట్లు వేసే ఆడవాళ్ళకు తక్కువ కూలి, నాగలి పట్టే మగవాళ్ళకు ఎక్కువ కూలి ఎందుకని అడిగితే మన ఊళ్ళో ఆసాములు చెప్పిన సమాధానం ఏమిటి? "ఆడదెంత పని చేస్తుంది గనక? నాగలి పట్టమనండి చూద్దాం." నాగలి పట్టనివ్వనిది వాళ్ళే. రోజంతా బురదలో నడుం వంచి నాటు వేయమంటే ఆ ఆసామి గంట నిలవలేడు. కానీ ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. ఆ మాట మాత్రం చావలేదు.

క్రికెట్‌లో కూడా అంతే. 2022 అక్టోబరులో మన బోర్డు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించింది. మంచిదే. కానీ 2024-25 వార్షిక ఒప్పందాల్లో పై తరగతి మగవాడికి 7 కోట్లు, పై తరగతి ఆడమనిషికి 50 లక్షలు. 2025 నవంబరు 2న మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా పిల్ల శ్రీ చరణి ఉంది. ఊరూరా మిఠాయిలు పంచారు. ఆ మిఠాయి నోట్లో ఉండగానే "అబ్బాయిలతో ఆడితే తెలుస్తుంది" అన్నవాళ్ళు లేరా? మీ ఇంట్లోనే ఒకరు ఉండి ఉంటారు.

అందుకే ఇకమీదట ఆ మాట వినబడగానే లేచి మేడ మీదికి వెళ్ళవద్దు. వాళ్ళెంత గొప్పవాళ్ళో నిరూపించే పని మన నెత్తిన వేసుకోవద్దు. ఎదురు ప్రశ్నలు వేద్దాం. ఈ తూకం ఎవరు వేస్తున్నారు? జీతం మాట వచ్చినప్పుడే ఎందుకు వేస్తున్నారు? తూకం వేయడానికి ముందు తలుపు ఎన్నేళ్ళు మూసి ఉంచారు? మూసి ఉంచిన ఆ ఏళ్ళ బాకీ ఎప్పుడు చెల్లిస్తారు?

మా వాడి కూతురికి ఫోనులో హోబోకెన్ పిల్ల కథ చెప్పాను. అంతా విని, "అంటే ఆమె కేసు గెలిచింది, కానీ మళ్ళీ ఆడలేదా నాన్నమ్మా?" అని అడిగింది. ఆడలేదన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు రేపు ప్రాక్టీసుంది" అని ఫోను పెట్టేసింది.